గొంతొకటి పార్సిల్

ఇలా రండర్రా, ఆ కబుర్లాపి కూర్చోండి. మా టిఫిన్ హోటల్లో సర్వరు సన్నిబాబు కేకేస్తే, పక్కవీధిలో పడుకున్న గేదెలు కూడా లేచి వరసలో నిలబడేవి.

ఊళ్లో అన్ని హోటళ్లలాగే మాకూ కొత్త బిల్లింగు మిషనొచ్చింది. వారం తిరక్కుండా సన్నిబాబు గొంతు నేర్చేసుకుని, "రెండిడ్లీ, ఒక పెసరట్టూ!" అని తనే కేకెయ్యసాగింది. వంటింట్లో దాంతోపాటే వచ్చిన, వంట చేసే ఇనప మరచేతులు దాని మాటే వింటాయి. అది అరిచేకొద్దీ సన్నిబాబు గొంతు సన్నబడి, చివరికి గుసగుస మిగిలింది.

నిన్న పొద్దున మిషనుకి దణ్ణం పెట్టి గొణిగాడు: "నా గొంతు నాకిచ్చీయే తల్లీ!"

అది అతని గొంతుతోనే లోపలికి కేకేసింది: "గొంతొకటీ, పార్సిల్!"

మరచేతులు ఉల్లిపాయలు తరగడం ఆపి, కత్తులతోనే సన్నిబాబు వైపు తిరిగాయి.

పక్కబల్ల దగ్గర మాస్టారు పేపర్లోంచి తలెత్తలేదు. "ఒరే సన్నీ, నాకూ అదే చెప్పరా. కారం తక్కువెయ్యమను!"