కొడవలి కింద పెట్టు

ఊపిరి పైపులతో ఆస్పత్రి మంచంలో కదలకుండా పడున్న మాణిక్ తలకు తీగల టోపీ తొడిగి, నాందేడ్ డాక్టరు చెవిలో మళ్లీ చెప్పాడు. "కుడిచెయ్యి ఎత్తుతున్నట్టు మనసుల అనుకో."

అలా అనుకుంటే మెదడులో పుట్టే సన్నని కరెంటును టోపీ పట్టుకోవాలి. తెర మీది గీత లేవాలి. లేవలేదు.

"మన మాట ఇంటలేడు, తాయీ. లోపల తెలివి లేదు."

"ఉత్తగ చెయ్యెందుకు ఎత్తుతడు సారూ? నేను చెప్త." భార్య సంగవ్వ వంగింది. "ఇగో, మన మర్ఖేల్ ఊరి చేన్ల సోయా కోతకచ్చినం. కొడవలి పట్టు, కొయ్యి."

గీత లేచింది. లేచి, ఇక దిగలేదు.

"మెషీన్ గడబిడ చేస్తున్నట్టుంది," అన్నాడు డాక్టరు.

"పొద్దుగూకింది. ఇగ చాలు, కొడవలి కింద పెట్టు."

గీత దిగింది.

డాక్టరు గొంతు మారింది. "ఇంటున్నడు. జవాబు అవునైతే కొయ్యమను, కాదైతే ఊకుండమను. నువ్వు ఏదన్న అడుగు. పెద్దసారును తీస్కొస్త."

ఆయన పరుగెత్తాడు. సంగవ్వ మొగుడికి ఆ మాటే చెప్పి, కాదంటాడన్న ధైర్యంతో అడిగింది.

"ఈ పైపులు తీసెయ్యమంటవా?"

గీత నిట్టనిలువుగా లేచింది. ఎంతసేపు చూసినా దిగలేదు.

వరండాలో బూట్ల చప్పుడు దగ్గరైంది. సంగవ్వ అతని చెవికి నోరు ఆనించింది.

"పొద్దుగూకింది. నీ కాల్మొక్త, కొడవలి కింద పెట్టు."

ఎప్పుడూ ఆమె మాట కాదన్న మనిషి కాదు. గీత మెల్లగా దిగింది.

తలుపు తెరుచుకుంది. "ఏమడిగినవ్ తాయీ? ఏమన్నడు?"

"పైపులు తియ్యాల్నా అనడిగిన, సారూ." సంగవ్వ కదలని గీతను చూపించింది. "వద్దంటున్నడు."