పెద్దోళ్లు వాడిన బండ

“పాలిష్ మిషన్‌తో పట్టించినావా, చేత్తోనా?” బండ మీద అరచెయ్యి ఆనించి నిమురుతూ అడిగాడు లక్ష్మీనరసయ్య శెట్టి.

“నేను పట్టించలేదు సామీ. వాడకంలో అట్ల నునుపు తేలింది,” అన్నాడు పోతులయ్య, ఉలి పక్కన పెట్టి.

శెట్టి ముఖం వెలిగిపోయింది. బెంగళూరులో ఒక హోటలుకు వెళ్లొచ్చినప్పటి నుంచి ఆయనకు రాతిబల్ల మీద మనసు పడింది. పాత బండ అంచుకు పగిలిన గాజు ముక్కలు పొదిగి, దానికి రీసైకిల్ అని పేరు పెట్టారు అక్కడ. వచ్చినవాళ్లంతా ఇడ్లీలు చల్లారేదాకా బల్లకే ఫోటోలు తీసుకుంటున్నారు. పాతసామాన్లవాడు గుమ్మం ముందు నిలబడితే కసిరి తోలే శెట్టి, రీసైకిల్ అనే మాట నోరు తిరిగేదాకా కారులో వల్లె వేసుకుంటూ పెనుకొండకు తిరిగొచ్చాడు.

వచ్చినవాడు వచ్చినట్టే పోతులయ్యను అంగడికి పిలిపించాడు. పోతులయ్య ఆయనకు ఆస్థాన శిల్పి. శెట్టి దానధర్మాల వల్ల ఊరికి ఒరిగేది ఎంతోగానీ పోతులయ్య ఉలికి మాత్రం తీరిక ఉండదు. బస్టాపులో సిమెంటు బెంచీ, శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర గ్రానైటు అరుగు, బడిలో నీళ్లతొట్టి, ఆసుపత్రి గోడ మీద పావురాలకు గింజల పళ్లెం, అన్నిటి మీదా శెట్టి పేరు, దాని కింద కీర్తిశేషులైన నాయన పేరు జానెడు అక్షరాలతో చెక్కి ఉంటాయి. పావురాలకు చదువు రాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

“కొత్త రాయి వద్దబ్బా. పాతదే కావల్ల. వాడిందే కావల్ల,” అని ఆ రోజే గట్టిగా చెప్పాడు శెట్టి.

“ఎవురు వాడిందైనా పర్వాలేదా సామీ?”

“అదెట్ల? ఎవురు పడితే వాళ్లు వాడింది నా ఇంట్లోకి వస్తాదా? పెద్దోళ్లు వాడిందై ఉండల్ల.”

“అట్లయితే నా దగ్గర ఒకటుండాది. ఊర్లో పెద్దోళ్లంతా వాడిందే.”

“రాయలవారి కాలందా?”

“ఎప్పటిదో ఎవురికి తెలుసు సామీ? రాజైనా, బంటైనా దాని మీదికి రావాల్సిందే.”

శెట్టికి ఆ ముక్క చాలు. ఇల్లు చేరేలోగా ఆ బండ రాయలవారి దర్బారులో మెట్టయింది. భార్య పుష్పతో చెప్పేటప్పటికి సాక్షాత్తు సింహాసనమే అయి కూర్చుంది.

ఇంత హడావుడికీ కారణం ధర్మవరం పట్టుచీరల వ్యాపారి హనుమంతరాయుడు. జిల్లా వర్తక సంఘం అధ్యక్షుడు. ఈ ఏడు దిగిపోతున్నాడు. ఆ కుర్చీ ఎవరికన్నది ఆయన నోటిమాట మీద ఉంది, శెట్టికి ఆ కుర్చీ తప్ప మరో ధ్యాస లేదు. ఆదివారం ఆయన శెట్టి ఇంటికి భోజనానికి వస్తున్నాడు. మహా మడి మనిషి. మైల అనే మాట చెవిన పడితేనే తలస్నానం చేసే రకం.

అందుకే శెట్టి కళ్లు ఇప్పుడు బండ అంచున పొదిగిన గాజుతీగ మీద పడ్డాయి. “ఈ పచ్చ గాజు, ఈ ఎర్ర గాజు యాడివబ్బా?”

“హిందూపురంలో పాతసీసాల అంగడి నుంచి తెస్తి సామీ.”

“మందు సీసాలా!”

“కడిగి, పగలగొట్టి, అంచులు అరగదీసి, జిగురుతో గాడిలో పొదిగినా. నీళ్లు పోసి రాయితో సమంగా రుద్దినా. ఇంక మందు యాడుండాది?”

“గాజు సంగతి హనుమంతరాయుడన్న ముందర ఎత్తొద్దు. ఒట్టెయ్!”

“ఎత్తను సామీ, ఒట్టు.”

కుదుటపడిన శెట్టి మళ్లీ బండను నిమిరాడు. “దీని మీద చెయ్యి పెడితే ఎందుకో మా నాయన గుర్తుకొస్తాండాడబ్బా.”

“రాకుండా ఎట్లుంటాడు సామీ. పుణ్యాత్ముడు,” అని పోతులయ్య కూడా నిట్టూర్చాడు.

బల్ల ఇంటికొచ్చాక పుష్ప ఒక్క మాటే అంది. “ఇంత పొడుగు యాలండీ? మనిషి కాళ్లు చాపుకొని పండుకోవచ్చు.”

“రాజులు ఇరుక్కోని కూచుంటారా?” అని కసిరాడు శెట్టి.

ఆదివారం ఆ బల్ల మీదే అరిటాకు పరిచారు. ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం దండిగా వడ్డించారు. రాయలవారు అక్కడే కూర్చుని తీర్పులు చెప్పేవారని శెట్టి పక్కన నిలబడి కథ అల్లుతున్నాడు. హనుమంతరాయుడు మూడో ఓళిగ ముగించి బండను తట్టాడు.

“చల్లగా ఉండాదప్పా. ఈడ కూచుంటే ఇంక లేయబుద్ధి కాదు. సంఘానికి నీ మాదిరి శుచీ సంప్రదాయం తెలిసినోడే కావల్ల. రేపు మీటింగులో నీ పేరే చెప్తా.”

శెట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో హనుమంతరాయుడి వేలు పచ్చగాజు మీద ఆగింది. “ఇదేం గాజప్పా?”

శాలువా కప్పుతామని పిలిపించిన పోతులయ్య వాకిట్లోనే ఉన్నాడు. ఒట్టు గుర్తొచ్చి చూపు పక్కకు తిప్పుకున్నాడు.

“గాజుదేముందన్నా, అది ఉత్త అలంకారం!” అని శెట్టి గబగబా మాట మార్చాడు. “బండ సంగతి అడుగు. ఏమబ్బా పోతులయ్యా, ఇది యాడిదో, ఎంత పెద్దోళ్లు వాడిందో అన్నకు నీ నోటితోనే చెప్పు.”

గాజు గండం గడిచినందుకు పోతులయ్య హాయిగా ఊపిరి పీల్చుకుని, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“మీరు గ్రానైటు ఏయించిన పొద్దు యాడన్నా పారేయమంటిరే, ఆ పాత బండే సామీ. పారేయను మనసు రాక దాచిపెట్టుకుంటి,” అని ఇంకో మాట కలిపాడు.

“దింపుడు కల్లంలో మీ నాయన పాడెను గూడా దీని మీదనే దించినాం.”