రెండు వందల పద్నాలుగో మెట్టు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు గోవిందమ్మ తిరుత్తణి కొండ మొదటి మెట్టు ఎక్కింది. ఆమెకు డెబ్బై ఒక్క ఏళ్ళు. ఎడమ మోకాలు నొప్పి. చేతిలో కర్ర లేదు. వెనకాలే మనవరాలు మంజు, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నోటుబుక్కు.

కొండకు మూడు వందల అరవై అయిదు మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. వాళ్ళకు కావలసింది రెండు వందల పద్నాలుగే.

పూలబుట్టతో పైకి పోతున్న రాజామణి వాళ్ళను చూసి ఆగింది. అందరిదీ ఒకే ఊరు, పాండూరు.

“ఏమక్కా, కర్ర లేదు, టెంకాయ సంచీ లేదు?”

“సంచి ఎత్తుకపోకూడదు. రూలు,” అంది గోవిందమ్మ.

“ఏ కోవెల్లో అట్టాంటి రూలు?”

“కోవెల కాదు చిన్నవ్వా, లైట్‌హౌసు,” అంది మంజు. “అమెరికాలో, నార్త్ కరోలినా సముద్రం ఒడ్డున ఉండాది. రెండువందల పద్నాలుగు మెట్లు. లిఫ్టు లేదు.”

“దానికి ఈడ ఎక్కేదెందుకు?”

“చూసుకోవద్దా? ఆడ నడిమధ్యలో కాలు పట్టుకుంటే ఎవురు దించేది?” అంది గోవిందమ్మ.

రాజామణి బుగ్గన వేలు పెట్టుకుంది. “ఈ వయసులో నీకు అమెరికా పయనమా అక్కా!”

“ముందు ఇది ఎక్కనీ మే.”

మంజు తిరువళ్ళూరులో ఒక ట్రావెల్ ఆఫీసులో పని చేస్తుంది. నార్త్ కరోలినా చూడబోయేవాళ్ళకు అక్కడ ఏ రోజు ఏం చూడాలో, ఎంత దూరం నడవాలో రాసివ్వడం ఆమె పని. ఊహించి రాయడం ఆమెకు గిట్టదు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎనిమిది రోజుల ప్రయాణం. మొదటి రోజు ఇసుక దిబ్బలు. పోయిన నెల ఆమె గోవిందమ్మను పులికాట్ తీసుకుపోయి, సముద్రపు ఇసుకలో ముప్పావు గంట నడిపించింది. రెండో రోజు అడవి గుర్రాలు తిరిగే తీరం. దానికి జీపు ఉంది. మూడో రోజు ఫెర్రీ. దానికోసం పులికాట్ సరస్సులోనే పడవ ఎక్కించింది. గోవిందమ్మకు వాంతి కాలేదు. అదీ నోటుబుక్కులో ఉంది. చివర పడమటి కొండల్లో జలపాతాలు. తేలనిది నాలుగో రోజు లైట్‌హౌసు ఒక్కటే.

అరవయ్యో మెట్టు దగ్గర ఫోను మోగింది. మేనేజరు జయరామన్.

“డెబ్బై దాటిన మనిషమ్మా. లైట్‌హౌసు తీసేసి పార్కు పెట్టు. ఎవరికీ తొందరవు, ఇబ్బంది లేదు.”

“ఎక్కి చూసినాక చెప్తాను సార్.”

“నాలుగింటికి ప్లాను పోవాల.” ఫోను పెట్టేశాడు.

“ఏమంటాడు ఆయప్ప?” అంది గోవిందమ్మ.

“వద్దంటాడు.”

“ఆఫీసు మాడి మెట్లు ఎక్కేదానికే లిఫ్టు కావాల ఆయనకి. ఆయనా చెప్పేది!”

గోవిందమ్మ కుడి చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఎక్కుతోంది. రెండో పక్క చెయ్యి వెయ్యలేదు. లైట్‌హౌసులో కమ్మీ ఒక పక్కే ఉంటుందని మంజు చెప్పింది. నలభై ఏళ్ళు గుంట మగ్గం తొక్కిన కాళ్ళు. ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆనిన తర్వాతే ఇంకో మెట్టు. నూట ముప్పై దగ్గరికి మూడు సార్లు ఆగింది. మంజు మూడు సార్లూ టైము రాసుకుంది.

నూట తొంభై రెండో మెట్టు మీద గోవిందమ్మ కూలబడింది. ఎడమ మోకాలు చాచలేకపోయింది. వాళ్ళతోనే ఎక్కుతున్న రాజామణి బుట్ట దించి, నీళ్ళ సీసా అందించింది.

“పోదుం దిగు అక్కా. ఎవురు కొట్టినారు నిన్ను ఎక్కమని?”

మంజు నోటుబుక్కు మూసింది. “చాలు అవ్వా. కాదని రాసేస్తా. నీకేమన్నా అయితే నాయన నన్ను ఇంట్లోకి రానీడు.”

“రాస్తే ఏమవుతాది?”

“లైట్‌హౌసు తీసేసి పార్కు పెడతారు. బెంచీ మీద కూర్చునేదానికి.”

గోవిందమ్మ మోకాలు రెండు చేతులతో రుద్దుకుంది. “మగ్గం గుంటలో దిగొద్దన్నారు, దిగినా. బస్సెక్కి కంచికి పోయి చీరలు అమ్మొద్దన్నారు, అమ్మినా. ఆడది అరవై దాటితే అందురూ చూపించేది బెంచీనే. నువ్వు కూడా అదే రాస్తావా మే?”

మంజు సీసాకు మూత పెట్టి రాజామణికి తిరిగిచ్చింది.

“లెక్క యాడికొచ్చినాది?”

“నూట తొంభై రెండు.”

“ఇంకెన్ని?”

“ఇరవై రెండు.”

“బుక్కు తెరువు,” అని గోవిందమ్మ లేచింది.

ఆరు యాభై ఏడుకు ఆమె రెండు వందల పద్నాలుగో మెట్టు మీద నిలబడింది. నలభై ఏడు నిమిషాలు. ఆగింది అయిదు చోట్ల. రాజామణి బుట్టలోంచి మల్లెపూల మూర తీసి ఆమె తలలో పెట్టింది.

“దిగేదేనా అవ్వా?” అంది మంజు.

“ఇంతదాకా నార్త్ కరోలినా. మిగిలింది నా స్వామికి,” అని గోవిందమ్మ తక్కిన నూట యాభై ఒక మెట్లూ ఎక్కింది.

మధ్యాహ్నం మూడు యాభైకి మంజు పాండూరు ఇంట్లో కూర్చుని ప్లాను పూర్తి చేసింది. గోవిందమ్మ కాలికి వేడినీళ్ళ గుడ్డ చుట్టుకుని పక్కన కూర్చుంది.

“చదువు.”

“వయసు డెబ్బై ఒకటి. ఎడమ మోకాలు నొప్పి. లైట్‌హౌసు ఎక్కవచ్చు. అయిదు చోట్ల ఆగాలి. తొందరపడకూడదు. గంట సమయం పెట్టుకోవాలి.”

“నూట తొంభై దాటినాక మోకాలు పట్టుకుంటాదని రాయి. కూర్చుని రుద్దుకుంటే వదుల్తాదని కూడా రాయి.”

మంజు రాసింది.

“పేరు సరిగ్గా ఏసినావా? తప్పుంటే టికెట్టు ఇయ్యరు.”

మంజు పేరు చదివి వినిపించింది.

“ఆ, అదే. పంపు,” అంది గోవిందమ్మ.

మూడు యాభై ఎనిమిదికి ప్లాను వెళ్ళింది.

గోవిందమ్మ వయసే, గోవిందమ్మ మోకాలి నొప్పే ఉన్న ఆ ప్రయాణికురాలి పేరు మార్గరెట్ డాసన్.