జీనువాయి ఇచ్చిన పోచ

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి.

బావి మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లు. అన్నిటికన్నా పైగూడు కావలి అవ్వది. పాము వస్తే ముందుగా చూసి కేక వేసేది ఆవిడే. ముక్కు అరిగిపోయింది కాబట్టి, ఈ గూడు పోతే ఇంకోటి అల్లలేదు.

ఒకరోజు గాలికి ఒక గిజిగాడి గూట్లో పోచ తెగింది. చేలోకి వెళ్లడానికి బద్ధకించి పక్కగూటిది పీక్కున్నాడు. ఆ పక్కవాడు తన పక్కవాడిది పీకాడు. ఆ పీకులాట గూడు గూడూ దాటి పైకొచ్చింది. ఆఖరివాడు ఆవిడ గూటిని కొమ్మకు కట్టిన పోచనే పట్టుకున్నాడు.

"ఒరే మనవడా, అది తెగితే నేనూ గూడూ బావిలోనే!"

"నా గూటికి చిల్లు పడింది కదే అవ్వా, నన్నేం చెయ్యమంటావు?"

కింద ముళ్లకంపలోంచి జీనువాయి అనే చిన్న పిట్ట పైకెగిరింది. దాని గూడు గడ్డికుప్పలా ఉందని గిజిగాళ్లంతా ఎగతాళి చేసేవాళ్లు.

"నాది తీసుకోరా," అంటూ పచ్చిపోచ ఒకటి అందించింది.

"మరి నువ్వెవరిది పీకుతావు?"

"ఎవరిదీ పీకను. మీరన్నట్టు నాది కుప్పేగా! ఒక పోచ పోతే కూలదు."

పీకులాట అక్కడితో ఆగింది. సాయంత్రం పాము చెట్టెక్కబోతుంటే, పైగూట్లోంచి అవ్వ కేక వినబడింది.

మన తలలోని నరాల కణాల దగ్గరా, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువులు పక్కవాటివి పీక్కుంటూ ఇలాంటి పీకులాటే పెడతాయర్రా. ఆ కణాలూ అవ్వ గూడులాంటివే, పోతే మళ్లీ రావడం కష్టం. తమది ఇచ్చి అడ్డుపడే జీనువాయిలు, అంటే యాంటీఆక్సిడెంట్లు, పళ్లలో, ఆకుకూరల్లో ఉంటాయి. ఇక ఇళ్లకు పోయి అన్నాలు తినండి. తోటకూర పక్కకు నెట్టారో, ఊరుకోను!