మూడు వంకలు

2005 మే 18, ఉదయం ఎనిమిదిన్నర. చర్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో, పిచ్చయ్య కొలిమి ముందు పోలీసు జీపు ఆగింది.

ఎస్సై దిగి, ఇనుము సాగగొట్టే దాగలి మీద ఒక కత్తి పెట్టాడు.

ముందురోజు అడవిలో నక్సలైట్ల డంపు ఒకటి దొరికింది. అందులో ఇలాంటివి పదకొండు ఉన్నాయి.

కత్తి అంచు వెంట తెల్ల గీత ఉంది. గీతలో మూడు వంకలున్నాయి.

"గీత కత్తులు చేసేది ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే కదా" అన్నాడు ఎస్సై.

"గది నాది కాదు సారూ. నా గీత తిన్నగుంటది."

ఆ కత్తి పిచ్చయ్యదే.

ఆ ఇంట్లో ఈ పని పిచ్చయ్య నాన్నతో మొదలైంది. పాత ఉక్కు ఆకురాళ్లను కాల్చి కత్తులుగా సాగగొడతారు. కత్తి వీపుకు మట్టి పూసి, మళ్లీ కాల్చి, నీళ్లలో ముంచుతారు. మట్టి లేని అంచు గట్టిపడుతుంది. మట్టి కింద వీపు మెత్తగా ఉండిపోతుంది. రెండూ కలిసే చోట గీత తేలుతుంది.

నాన్న ప్రతి కత్తి మీద నెలవంక ముద్ర, పక్కన వరస అంకె కొట్టేవాడు. పోలీసు క్యాంపు వచ్చాక పిచ్చయ్య ముద్ర మానేశాడు.

ఇంకో పద్ధతి ఉంది. దోషం లేకుండా వచ్చిన తొలి కత్తిని పని నేర్పినవాళ్లకు ఇవ్వాలి. పిచ్చయ్య తన తొలి కత్తిని నాన్నకు ఇచ్చాడు. నాన్న తన తొలి కత్తిని ఎవరికిచ్చాడో చెప్పకుండానే పోయాడు.

ఏప్రిల్ నుంచి పిచ్చయ్య పూసే మట్టి నిప్పుల్లో పెచ్చులూడుతోంది. గీత వంకలు పోతోంది. అలా వచ్చిన పదకొండు కత్తులను ఎవరో వెదురు నరికే కూపుకని చెప్పి తీసుకుపోయారు.

చూరుకు వేలాడుతున్న కత్తులను ఎస్సై ఒక్కొక్కటే దింపి చూశాడు. అన్నీ నిరుటివి. గీతలు తిన్నగా ఉన్నాయి.

"నా ముందు ఒకటి చెయ్యి. తిన్నగా వస్తే నేను పోతా. వంకలొస్తే నువ్వు జీపెక్కు."

మట్టి సంగతి పిచ్చయ్య కాక ఇద్దరికి తెలుసు. ఒకరు భార్య కళావతి. రెండోవాడు కొలిమి పంకా తిప్పుతున్న ముసలాయన.

అతని పేరు జంపయ్య. ఊరు అవతల, ఛత్తీస్‌గఢ్ వైపు అన్నాడు. పదకొండు రోజుల క్రితం పని అడిగి, తిండికి ఒప్పుకున్నాడు.

ఐదో రోజు పిచ్చయ్య చర్ల సంతకు పోయి వచ్చేసరికి, జంపయ్య మట్టి కుండలో బొగ్గుపొడి, ఊక బూడిద కలిపి పెట్టాడు.

"మట్టికి జిగురెక్కువైంది బిడ్డా. గందుకే ఊడుతాంది."

కొలిమి ఇంటివాళ్లు తప్ప ఆ కుండను ఎవరూ ముట్టకూడదు. పిచ్చయ్య కుండను బయట బోర్లించాడు.

"పంకా తిప్పేటోనివి పంకా తిప్పు. మళ్ల కుండ ముట్టుకుంటే చెయ్యి కాలుస్త."

పిచ్చయ్య వాగులోంచి కొత్త మట్టి తెచ్చుకున్నాడు. పారబోసిన మట్టిని జంపయ్య తన సొరకాయ బుర్రలోకి ఎత్తుకున్నాడు.

కళావతి చూసింది. "ఏంది తాతా, మట్టి వండుకుంటవా?"

"అవ్ బిడ్డా. వానల్ల తింట."

ఇప్పుడు పిచ్చయ్య తన కుండలోని మట్టి తీసి, సాగగొట్టి ఉంచిన ఒక కత్తికి పూశాడు. మట్టి జారిపోయింది. తుడిచి మళ్లీ పూశాడు.

"ఆయనను ఆపుర్రి సారూ" అన్నాడు జంపయ్య. "గవి నేను చేసినయి."

పంకా ఆగింది.

"పంకా తిప్పేవాడివి, నువ్వు చేశావా? ఎక్కడ?"

"అవతల. మా ఊళ్లె."

"అయితే చేసి చూపించు."

జంపయ్య బుర్రలోంచి మట్టి తీశాడు. పిచ్చయ్య చేతిలోని కత్తి తీసుకుని, కడిగి, పూశాడు. దాగలి మీది కత్తిని రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత బొటనవేలి గోటితో మూడు చోట్ల మట్టి గీకాడు.

కత్తి నిప్పుల్లోకి పోయింది. పంకా ఒక కానిస్టేబుల్ తిప్పాడు.

మట్టి ఊడలేదు.

ఇనుము మోదుగుపువ్వు రంగుకు వచ్చాక జంపయ్య దాన్ని నీళ్లలో ముంచాడు. పగులు చప్పుడు కోసం పిచ్చయ్య చెవి పెట్టాడు. రాలేదు.

ఇసకరాయి మీద రుద్ది, నిమ్మకాయ పిండారు. గీత తేలింది. మూడు వంకలు.

ఎస్సై రెండు కత్తులూ పక్కపక్కన పెట్టి చూశాడు. పిచ్చయ్య వైపు తిరిగాడు.

"ఇతను నీకేమవుతాడు?"

పిచ్చయ్య కొలిమి వైపు చూశాడు.

"ఎవరో తెల్వదు సారూ. తిండికొచ్చిండు. గంతే."

జంపయ్య తలూపాడు. "అవ్ సారూ. గంతే."

పదకొండింటికి జీపు జంపయ్యను ఎక్కించుకుని వెళ్లిపోయింది.

ఎవరో తెల్వదని ఎందుకన్నావని ఆ సాయంత్రం కళావతి అడిగింది. అతను అన్నల మనిషై ఉంటాడని, లేకపోతే తనది కాని నేరం ఎవడు నెత్తికెత్తుకుంటాడని పిచ్చయ్య అన్నాడు.

ఆగస్టు 2న, రిమాండ్‌లో ఉన్న జంపయ్య జ్వరంతో ఖమ్మం దవాఖానాలో చనిపోయాడు. అతని వాళ్లెవరైనా తెలుసా అని కానిస్టేబుల్ వచ్చి అడిగాడు. పిచ్చయ్య తెల్వదన్నాడు.

మర్నాడు కళావతి బొగ్గు బస్తాలు జరిపింది. వెనక జంపయ్య సొరకాయ బుర్ర, అతని బట్టమూట ఉన్నాయి.

బుర్రలో మట్టి ఎండిపోయి ఉంది. పిచ్చయ్య దాన్ని తడిపి ఒక కత్తికి పూశాడు. ఎక్కడా గీకలేదు. కాల్చి ముంచాడు.

పిడి నుంచి మొన దాకా గీత తిన్నగా వచ్చింది.

అప్పుడు మూట విప్పాడు. లోపల ఒక లుంగీ, అందులో చుట్టిన పాత కత్తి ఉన్నాయి.

కత్తి పిడి దగ్గర నాన్న నెలవంక ముద్ర ఉంది, పక్కన ఒకటి అంకె ఉంది.