షీబా నేర్చుకున్న పాట

"ఆ పాట ఆపించండి కృపాబాయి గారూ," అన్నాడు ప్రిన్సిపాల్ ప్రేమచంద్, ఐదో తరగతి గుమ్మంలో నిలబడి.

బెంచీల ముందు నిలబడి పాడుతున్న షీబా చప్పున ఆగిపోయింది.

తెలియని భాషలో ఒక పాట నేర్చుకుని రమ్మని కృపాబాయి టీచర్ పిల్లలకు చెప్పింది. మస్కట్‌లో ఏ బిల్డింగ్ మెట్లెక్కినా నాలుగు దేశాలవాళ్లు ఎదురవుతారు. పక్కనే ఉన్నవాళ్లెవరో తెలియకుండా పిల్లలు పెరగడం ఆమెకు నచ్చలేదు. ఒకడు బలూచీ టైలర్ దగ్గర నేర్చుకొచ్చాడు. మదీహా అనే అమ్మాయి ఫిలిప్పీన్స్ నర్సు దగ్గర నేర్చుకుంది.

"పరీక్షలు దగ్గరకొచ్చేశాయి," అన్నాడు ప్రేమచంద్. "ఈ పంతొమ్మిది వందల తొంభై రెండు బ్యాచ్‌కి మార్కులు తగ్గితే స్కూలు కమిటీకి నేను చెప్పుకోవాలి. సిలబస్ వదిలేసి అర్థం తెలీని పాటలేంటండి?"

"అర్థం కనుక్కోవడమే తర్వాతి పాఠమండి. ఇది సింహళంలా ఉంది. కుసుమ మేడమ్‌ని ఒక్కసారి పిలుద్దాం."

లైబ్రరీ చూసుకునే కుసుమ శ్రీలంక ఆవిడ. వచ్చి కిటికీ పక్కన నిలబడింది.

"మళ్లీ పాడమ్మా," అంది కృపాబాయి.

షీబా కళ్లు మూసుకుని పాడింది. పదేళ్ల పిల్ల గొంతులా లేదు. ఎవరో పెద్దావిడ అలసిపోయి పాడుతున్నట్టుంది. ఆగకూడని చోటల్లా ఆగి ఊపిరి తీసుకుంటోంది. పిల్లలు కదలడం మానేశారు.

కుసుమ మొదట నవ్వింది. తర్వాత కిటికీ ఊచ పట్టుకుంది.

"వరస జోలపాటదే," అంది ఇంగ్లీషులో. "మాటలు మాత్రం జోలపాటవి కావు."

"మరి?"

"గోడవతల నాతో పాడే పాపా, ఈ పాట మీ అమ్మకు వినిపించు," అంటూ అర్థం చెప్పింది కుసుమ. "నేను పనిచేసే ఇంటివాళ్లు నన్ను లోపల పెట్టి తాళం వేసి వెళ్లిపోయారు. తినడానికేం లేదు. ట్యాంకులో నీళ్లు కూడా అయిపోయాయి."

ప్రేమచంద్ షీబా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

"బౌషర్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీ, సార్. అమ్మ హాస్పిటల్‌కి డ్యూటీకెళ్తే బాత్రూం వెంటిలేటర్‌లోంచి వినిపిస్తాది. ఆంటీ ఒక లైను పాడితే నేనూ పాడతాను. ఆంటీ మొహం ఎప్పుడూ చూళ్లేదు."

"మీ అమ్మకు వినిపించావా?"

"లేదు సార్. ముందు మా టీచర్‌కే వినిపించాలని ఎవరికీ చెప్పలేదు."

ప్రేమచంద్ లేచి, పోలీసులకు ఫోన్ చెయ్యమని కుసుమతో చెప్పి, కారు వైపు పరుగెత్తాడు.

"పద తల్లీ, ఆ ఇల్లు చూపిద్దువుగాని," అంటూ కృపాబాయి షీబా చెయ్యి పట్టుకుంది. ఎందుకంత గబగబా నడిపిస్తోందో పిల్లకు అర్థం కాలేదు. టీచర్‌కి కోపం వచ్చిందేమో అనుకుంది.

"సగమే నేర్చుకొచ్చానని తిట్టకండి టీచర్," అంది. "మిగతా చరణం కోసం మొన్నటినుంచీ పిలుస్తూనే ఉన్నాను. ఆంటీ పలకట్లేదు."