పొయ్యి దగ్గర వాటా

ఆ ముసలాయన ఆశ్రమంలో వాటా కొన్న రోజు నుంచి గంగాదేవికి అన్నం సయించడం లేదు.

పెనుకొండ కోట గుట్ట కింద, ఒక అద్దె ఇంట్లో నడిచే ఆశ్రమం అది. ఇంట్లో దెబ్బలు ఓర్చుకోలేక వచ్చేసిన ఆడవాళ్లు పిల్లలతో అక్కడ తలదాచుకుంటారు. హిందూపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాధవీలత టీచరు దాన్ని చూసుకుంటుంది.

2001లో విరాళాల కోసం ఆమె షేరు పత్రాలు అచ్చు వేయించింది. వాటి మీద లాభం రాదు. అయినా బొమ్మ బాగుందని చాలామంది కొని, ఫ్రేము కట్టించి దాచుకున్నారు.

పొయ్యి పక్కన కూర్చున్న ఒక స్త్రీ బొమ్మ అది.

గ్రీకుల పొయ్యి దేవత, పేరు హెస్టియా అని టీచరు వంటింట్లో అందరికీ చెప్పింది. ఇద్దరు దేవుళ్లు పెళ్లాడతామని వెంటపడితే, నాకు పెళ్లే వద్దు పొమ్మందట. ఆ మాటకు ఆడవాళ్లంతా నవ్వారు. ప్రాణభయంతో వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ల మీద శత్రువైనా చెయ్యి వేయకూడదట. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

పత్రాలు విడుదల చేసిన రోజు తీసిన ఫోటో పేపర్లో పడింది. వెనక వరసలో గంగాదేవి, ఆమె చంకలో కూతురు మంజుల స్పష్టంగా కనిపిస్తున్నారు.

గంగాదేవి భర్త రాజశేఖర ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఒకరోజు ఆమెను మగ్గం గుంతలోకి తోసి, ఇంటికి తాళం వేసుకుని పోయాడు. పక్కింటివాళ్లు తాళం పగలగొడితే ఆమె బిడ్డతో బయటపడింది. ఎక్కడున్నా వెతికి చంపుతానని అతను ఊరంతా చెప్పుకు తిరుగుతున్నట్టు తర్వాత ఆమె చెవిన పడింది.

అతనివైపు మనుషుల గురించి ఆమెకు తెలిసింది తక్కువ. తల్లీ తండ్రీ లేరని, మేనత్త పెంచిందని పెళ్లప్పుడు చెప్పారు. మడకశిర వైపు చుట్టాలున్నారని మాత్రం విన్నది.

ఫోటో పడిన కొద్ది రోజులకే ముసలాయన వచ్చాడు. పేరు హనుమంతప్ప, ఊరు మడకశిర అని రాయించి పత్రం తీసుకున్నాడు.

ఊరి పేరు వినగానే గంగాదేవి బిడ్డనెత్తుకుని లోపలికి పోయింది.

ఆయన ఊరు విడిచి వెళ్లిపోలేదు. రోజూ వచ్చి, ఎదురుగా ఉన్న చౌడక్క టీ బంకు బల్ల మీద కూర్చునేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. చూపంతా ఆశ్రమం గేటు మీదే.

ఒకరోజు నుదుటికి కట్టుతో వచ్చాడు. కొట్లాటల మనిషి కాబోలని గంగాదేవి ఇంకా హడలిపోయింది. బట్టలు ఆరేయడానికి కూడా బయటికి రావడం మానేసింది.

వాటాదారులకు నెలకో ఆదివారం వంటింట్లో, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి భోజనం పెడతారు. ఆ ఆదివారం ఆయన కూడా వచ్చాడు.

గంగాదేవి సామాన్ల గదిలో దాక్కుంది. మంజుల చెయ్యి విడిపించుకుని బయటికి పరిగెత్తింది.

"నీ పేరేమి పాపా?" అని ఆయన అడగడం వినిపించింది.

గంగాదేవి తలుపు సందులోంచి చూసింది. ఆయన పాప తల మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత వంటామె వైపు తిరిగాడు.

"ఈ యనక తలుపుకు గడియ లేదా?"

గంగాదేవి తలుపు సందు మూసేసింది.

ఆయన చెయ్యి కడుక్కుని బయటికి పోగానే టీచరు దగ్గరికి పరిగెత్తింది.

"వాడు పంపిన మనిషేనమ్మా. లోపలికొచ్చే దావ చూసుకోను వచ్చినాడు."

టీచరుకూ భయం వేసింది. స్టేషనుకు కబురు చేసింది. కానిస్టేబుల్ వచ్చి ఆయన్ను బల్ల మీద నుంచి లేపి, పత్రం వెనక్కి ఇప్పించి, మళ్లీ ఈ ఛాయల్లో కనిపించవద్దని గట్టిగా చెప్పాడు.

ఆయన చేతులు జోడించాడు.

"పొమ్మంటే పోతా సార్. ఆ తలుపుకు మాత్రం గడియ పెట్టించండి."

కానిస్టేబుల్ దగ్గరుండి మడకశిర బస్సెక్కించాడు. చాలా రోజుల తర్వాత గంగాదేవి ఆ పూట కడుపునిండా తిన్నది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తోంది.

వెనక తలుపు తోసుకుని రాజశేఖర లోపలికి వచ్చాడు. చేతిలో కత్తి.

ఆమె లేవబోయింది. మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది పడేలోగా వంటామె కాగుతున్న ఎసరు అతని కాళ్ల మీద కుమ్మరించింది. తక్కిన ఆడవాళ్లు కట్టెలు పట్టుకుని చుట్టుముట్టారు. పోలీసులు వచ్చేదాకా అతన్ని కదలనివ్వలేదు.

గంగాదేవి ఆసుపత్రిలో ఉండగా చౌడక్క చూడటానికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని, టీచరు వైపు కోపంగా చూసింది.

"ఈడు ముందే రెండు తూర్లు వచ్చినాడు. ఆ పెద్దాయనే సందు మొదట్లో అడ్డం పడి యనక్కి పంపినాడు. ఆయన నుదురు పగిలింది ఆడనే. అట్లాంటి మనిషిని పోలీసులకు పట్టిస్తిరి."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని టీచరు అడిగింది. లోపల గంగాదేవి బెదిరిపోతుందని, ఎవరికీ చెప్పొద్దని ఆయనే బతిమాలాడట.

టీచరు మర్నాడే పత్రం తీసుకుని మడకశిర వెళ్లింది. రోజంతా తిరిగింది. ఆయన జాడ దొరకలేదు.

చౌడక్క మళ్లీ వచ్చినప్పుడు గంగాదేవి ఆమె చెయ్యి పట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి నాకోసం ఎందుకు దెబ్బలు తిన్నాడని అడిగింది.

చౌడక్క ఆమె మొహంలోకి వింతగా చూసింది.

"నీకు తెలుసనుకుంటి గంగమ్మా. 'నాకు నాయనవై ఉండి నాకే అడ్డమొస్తావా' అంటానే గదా, నీ మొగుడు ఆయన్ను కొట్టింది."